కాపలా కాసే వజ్రం

వజ్రం అనగానే మనకు జ్ఞాపకం వచ్చేది ముక్కుపుడక, చెవి దుద్దులు, ఆ వెంటనే ధర. జెనీవా ఊరి దగ్గర, స్విట్జర్లాండు ఫ్రాన్సుల సరిహద్దులో ఉన్న సెర్న్ పరిశోధనాలయంలో మాత్రం దానికి వేరే ఉద్యోగం ఇచ్చారు. కాపలా ఉద్యోగం!

అక్కడ భూమికి సుమారు 100 మీటర్ల అడుగున 27 కిలోమీటర్ల గుండ్రని సొరంగం ఉంది. అందులో ప్రోటాన్లనే అతి సూక్ష్మకణాలను ఇంచుమించు కాంతివేగంతో ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టించడానికి యంత్రం కట్టి, 2008లో మొదలుపెట్టారు. ఆ దెబ్బకు పుట్టే కొత్త కణాల జాడ పట్టేందుకు చుట్టూ సిలికాన్ పలకలు అమర్చారు. ఒక్కొక్క కణపుంజంలో ఉండే శక్తి అరటన్ను రాగిని కరిగించగలదట. అది దారి తప్పి పలకల మీద పడితే ఏళ్ల తరబడి పడిన శ్రమ బూడిదే కదండీ!

అందుకని అట్లాస్ అనే పరికరంలో, కణాలు ఢీకొనే చోటుకు అటూ ఇటూ 1.84 మీటర్ల దూరాన వజ్రపు బిళ్లలు పెట్టారు. సెంటీమీటరు చదరం, అర మిల్లీమీటరు మందం. మామూలుగా వజ్రం గుండా కరెంటు పోదు. కణం ఒకటి దూసుకుపోతే మాత్రం దారి పొడుగునా ఎలక్ట్రానులు విడివడతాయి. బిళ్లకు ముందే వోల్టేజి తగిలించి ఉంచుతారు గనుక అవి చప్పున ఒక వైపుకు కదిలి, రవ్వంత కరెంటు వస్తుంది. అదే కబురు.

తమాషా అంతా ఇక్కడుంది. మధ్యలో ఢీకొని పుట్టిన కణాలు రెండు వైపుల బిళ్లలనూ ఒక్కసారే తాకుతాయి. దారి తప్పి వచ్చినవి ముందు ఒక వైపు తాకి, 12 నానోసెకన్ల తర్వాత రెండో వైపు తాకుతాయి. నానోసెకను అంటే సెకనులో వందకోట్లో వంతు. వీధి గుమ్మంలో చప్పుడై, ఆ తర్వాత పెరటి గుమ్మంలో చప్పుడైతే ఎవరో ఇల్లు దాటిపోయారని మనం గ్రహించమూ? అలాగన్నమాట. అటువంటి కబుర్లు హద్దు మీరితే పుంజాన్ని పక్కకు మళ్లించి గ్రాఫైటు దిమ్మలోకి పంపేస్తారు. గ్రాఫైటూ వజ్రమూ రెండూ కర్బనమే, అక్కాచెల్లెళ్లు!

సిలికాన్ ఉండగా ఇదెందుకంటారా? రేడియేషన్‌కు దెబ్బతిన్న సిలికాన్‌లో కరెంటు కారుతుంది, బాగా చల్లబరిచి ఉంచాలి. వజ్రానికి ఆ బాధ లేదు. అలాగని అది చిరంజీవీ కాదు. దానికీ అరుగుదల ఉంది. పైగా అంతే మందం సిలికాన్ ఇచ్చే సంకేతంలో ఇది ఇచ్చేది సగం కూడా ఉండదు.

ఇవి గనుల్లో తవ్వినవి కావు. హైడ్రోజనులో కొంచెం మీథేను కలిపి, వేడి గదిలో పొర మీద పొరగా పెంచినవి. మీథేను అంటే మన గోబర్ గ్యాసులో మండేదే. పైన లోహపు పూత కూడా వేస్తారు గనుక తళుకూ బెళుకూ ఏమీ ఉండవు. ముక్కుకు పెట్టుకుని పేరంటానికి వెళితే ఎవరూ అడగను కూడా అడగరు.