పాత యుద్ధము – క్రొత్త ఆట



నేడు నేను రెండు యుద్ధములను గూర్చి మీతో ముచ్చటింపదలచితిని. ఒకటి మన తోలుబొమ్మలాటలోని లంకాయుద్ధము. రెండవది జపానువారు తెరమీద ఆడుటకు కల్పించిన యొక యుద్ధక్రీడ. ఈ రెండింటికి పొత్తేమని మీరడుగవచ్చును. రెండింటను ఒక్క వీరుడు వేలమందిని తెగటార్చును; రెండింటను ఎవరు గెలుతురో చూచువారికి ముందే తెలియును; రెండింటికి పట్టిన తెగులును ఒక్కటియే.

ముందుగా పరదేశపు సంగతి చెప్పెదను. చైనాలో క్రీ.శ. 3వ శతాబ్దమున మూడు రాజ్యములు తమలో తాము ఘోరముగ పోరాడినవి. మనకు భారతమెట్టిదో అక్కడివారికి ఆ కథ అట్టిది. జపానులోని కోయీ యను కంపెనీవారు దానిని వీడియో ఆటగా చేసి 1997లో మొదటిది వెలువరించిరి. అది యిద్దరు యోధుల ద్వంద్వయుద్ధము మాత్రమే. 2000 సంవత్సరమున వచ్చిన రెండవదానితో అసలు పద్ధతి యేర్పడినది. ఆడువాడు ఒక సేనాపతియై రణభూమిలో దిగి, గుంపులుగ వచ్చు శత్రువులను నరకుచు, తనవారి ధైర్యము సడలకుండ కాచుకొనవలెను. దీనికి ఇంగ్లీషున డైనాస్టీ వారియర్స్ అని పేరు.

ఆట జనులకు మిక్కిలి నచ్చినది. ఆ నచ్చుటయే చిక్కు తెచ్చినది. నచ్చినదానిని మార్చుటకు జంకి, అదే ఆటకు అంకె మార్చి మరల మరల అమ్మసాగిరి. వీరుల సంఖ్య మాత్రము పెరుగుచు వచ్చి, 2018లో వెలువడిన తొమ్మిదవ ఆటనాటికి సుమారు 90 అయినది. చేయవలసిన పని మాత్రము మారలేదు. ఎదుటి సైనికులు కోతకు వచ్చిన కొర్రచేనువలె నిలిచియుందురు. కొడవలి వేయుటయే తరువాయి. ఆ తొమ్మిదవదానిలో క్రొత్తదనము కొరకై చైనాదేశమునంతయు ఒకే విశాల మైదానముగా పరచిరి. అందు చేయుటకు పనిలేక గుర్రమెక్కి ఊరక తిరుగవలసి వచ్చినదని ఆడినవారు విసిగిరి. నీరు లేని చేను ఎన్ని యెకరములున్న నేమి ఫలము? ఈ మాట మన తనకల్లు రైతునకు వేరుగ చెప్పనక్కరలేదు.

2025 జనవరిలో అదే వరుసలో ఒరిజిన్స్ అను ఆట వచ్చినది. ఈమారు వారు పెంచుట మాని తగ్గించిరి. తన పూర్వవృత్తాంతమును మరచిన ఒక యువకుని ముఖ్యునిగ నిలిపిరి. కథనంతయు చెప్పక, క్రీ.శ. 208 నాటి ఎర్రకొండల యుద్ధముతో ఆపిరి. ఎదుటి సైన్యము ఒక్కుమ్మడిగ మీదపడునట్లును, వ్యూహము పన్ననివాడు ఓడునట్లును చేసిరి. కథ పాతదే, గుండెదడ మాత్రము క్రొత్తది. ఆడువారు మెచ్చుకొనిరి.

ఇక మన యింటి సంగతి. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపొందిన ఊరు. ఆ యూరి కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. మేకతోలును పలుచగ చేసి, ఉలితో రంధ్రములు తీర్చి, రంగులద్ది, మనిషియంత బొమ్మలను తెరమీద నాడించుట వీరి విద్య. తెరవెనుక కాళ్లక్రింద చెక్కపలకలుంచి టకటక త్రొక్కుచుండ, రామరావణుల యుద్ధము మన చెవులలో పిడుగులు కురిపించును.

ఆ యుద్ధము మన తాతలు ఎన్నిసార్లు చూడలేదు? రాముడు గెలుచునని యెరుగనివారెవరు? అయినను తెల్లవారువరకు ఏల కూర్చుండిరి? నడుమ నడుమ కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి, ఆ యూరి మాటలే యాడెడివారు. ఎండిన బావి, పిసినిగొట్టు పెద్ద, అత్తాకోడండ్ర తగవు, అన్నియు ఆ రాత్రి తెరమీది కెక్కెడివి. రావణుడు ప్రతి యూర ఒక్కడే. నవ్వు మాత్రము ఏ యూరిది ఆ యూరిదే. వానలు లేని యేట విరాటపర్వము పెట్టించుటయు ఇట్టిదే. పాతకథను నేటి కష్టమునకు ముడిపెట్టుటయే అందలి కిటుకు.

సినిమాయు, పిదప టెలివిజనును వచ్చినవి. రాత్రియంతయు సాగిన ఆట పలుచోట్ల గంటసేపునకు కుదిరినది. గంటలో ముగింపవలెనన్న హాస్యము పోవును, రాయబారము పోవును, మిగులునది కొట్టుకొనుటయే. నేను చూచిన కొన్ని ప్రదర్శనలు ఇట్లే యుండెను. చలపతిరావుగారి ఊరివారు అదే తోలుతో దీపపు గుమ్మటములు, గోడకు వ్రేలాడదీయు పటములు చేసి పొట్టపోసికొనుచున్నారు. చేతిపని బ్రతికినది, సంతోషమే. కాని ఆట సన్నగిల్లినది. ఆట పోయినచో పద్యము చదువు గొంతు, చెక్కపలక త్రొక్కు కాలు, ఊరిని చూచి అప్పటికప్పుడు మాటకట్టు నేర్పు తరువాతి తరమువారికి అందవు. దీపపు గుమ్మటము ఆ నేర్పును దాచిపెట్టలేదు.

కాబట్టి పెద్దలకు నా మనవి యిది. పిల్లలు తెరలకు అంటుకొనిపోయినారని తిట్టుటవలన లాభము లేదు. తిరునాళ్లకు చందాలు పోగుచేయునపుడు బొమ్మలాటవారిని పిలువుడు. గంట కాదు, కనీసము మూడు గంటల వ్యవధి యిండు. అందుకు తగిన సొమ్మును ముందే మాటాడుడు. సినిమాపాటలు చేర్పుమని, రంగుదీపములు పెంచుమని అడుగవలదు. అది తొంబదిమంది వీరులను చేర్చుటవంటిదే. దానికి బదులు ఆటకు ముందురోజే వారిని ఊరిలో త్రిప్పుడు. మన చెరువు, వేరుసెనగచేను, బెంగుళూరికి కూలికి పోయిన కుర్రవాండ్ర సంగతి వారికి చెప్పుడు. ఆ రాత్రి జుట్టుపోలిగాడు ఏమనునో వినుడు. పిల్లలను ముందువరుసలో కూర్చుండబెట్టుడు.

కథ పాతబడుట తప్పు కాదు. చెప్పువాడు వినువాని ముఖము చూడకుండుటయే తప్పు. జపానువారు పాతికేండ్లకు ఆ సంగతి తెలిసికొనిరి. మన బొమ్మలాటవారికది తరతరాలుగ తెలిసినదే. దానిని చూపుటకు మనము వారికొక రాత్రి యిచ్చిన చాలును.