షాదీఖానాలో దావత్, తెల్లవారి చెత్త
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



కార్యదర్శిగారు మాకు ఇచ్చిన అంశం పర్యావరణ పరిరక్షణ. అడవుల గురించీ ఓజోను పొర గురించీ మేము బడిలో పిల్లలకు ఉర్దూలో చెబుతూనే ఉంటాం. ఆ పాఠం ఇక్కడ మళ్ళీ చెప్పబోవడం లేదు. ఈ సభ జరుగుతున్న మన షాదీఖానా గురించే మాట్లాడతాం. ఎందుకంటే ఈ రోజు అజెండాలో అద్దె పెంచే విషయం కూడా ఉంది.

పోయిన చలికాలంలో ఇక్కడ ఒక వలీమా జరిగింది. మర్నాడు ఫజర్ నమాజు అయ్యాక మేము, తోటి ఉపాధ్యాయులిద్దరు ఇటుగా వచ్చాం. వెనుక గోడ పక్కన ఐదు డ్రమ్ములు. బిర్యానీ, దాల్చా, ఎముకలు, కాగితం గ్లాసులు అన్నీ ఒకటైపోయి ఉన్నాయి. సగం తాగి వదిలిన చిన్న నీళ్ళ సీసాలు గోతాల నిండా. మూత తీయనివీ ఉన్నాయి! చెత్త ఎత్తడానికి వచ్చిన అమ్మ, "అన్నం అన్నంగా, సీసాలు సీసాలుగా పెడితే మాకీ తిప్పలు ఉండవు గదా సార్!" అన్నది. మాకు జవాబు తోచలేదు. ఆ రాత్రి దావత్‌లో మేమూ తిన్నవాళ్ళమే. మా పళ్ళెంలో ఎంత వదిలామో జ్ఞాపకం లేదు.

ఆ అన్నం ఊరవతల గుట్టగా పడి, గాలి ఆడక కుళ్ళితే మీథేన్ పుడుతుంది. ఇరవై ఏళ్ళ లెక్కన చూస్తే బొగ్గుపులుసు వాయువు కంటే ఎనభై రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించే వాయువు అది. 2022లో ప్రపంచం మొత్తం మీద 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కకట్టింది. అందులో 29 కోట్ల టన్నులు హోటళ్ళు, విందులు, క్యాంటీన్ల వంటి చోట్ల పోయిందే. ఇస్రాఫ్ కూడదని జుమా ఖుత్బాలో వింటాం. విని, రాత్రి దావత్‌కు వెళతాం.

తప్పు తినేవాడిదే అని అనుకోకండి. వడ్డనలోనే ఉంది కిటుకు. నార్వే దేశంలో కొన్ని హోటళ్ళలో పళ్ళేల సైజు తగ్గించి చూస్తే, పారేసే ఆహారం ఇంచుమించు ఐదో వంతు తగ్గిందని 2013లో ప్రచురించారు. ఎన్నిసార్లయినా వచ్చి వడ్డించుకోవచ్చునని ఒక అట్టముక్క మీద రాసి పెట్టినా దాదాపు అంతే తగ్గిందట. మన దగ్గర ఎలా ఉంది? ఎనిమిదిమంది కూర్చోగానే పెద్ద డోంగా నిండా గుట్టలా పోసి తెస్తాం. ముగ్గురు తిని లేస్తే మిగతాది ఎంగిలి లెక్కలోకి పోతుంది. చిన్న డోంగాలో తెచ్చి, అడిగినప్పుడల్లా నింపితే మెహమాన్‌కు తక్కువ చేసినట్లా? చివరి పంక్తిలో కూర్చునే వంటవాళ్ళకూ డ్రైవర్లకూ ముక్కలు అయిపోయి ఉత్త అన్నం మిగులుతుంది. అది మాత్రం ఎవరికీ తక్కువగా కనబడదు. డేగ్‌లో చెయ్యి పడని బిర్యానీ మిగిలితే, దావత్ ముగిసేదాకా ఆగకుండా, వేడి తగ్గకముందే బస్తీకి పంపాలి. అర్ధరాత్రి దాటాక పంపితే అది సదఖా కాదు, కడుపునొప్పి.

నీళ్ళ సంగతి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు, స్ట్రాలు, అలంకరణకు వాడే థర్మోకోల్ దేశమంతటా నిషేధించారు. చిన్న నీళ్ళ సీసాలు ఆ జాబితాలో లేవు. అందుకే పెళ్ళిళ్ళలో అవే రాజ్యమేలుతున్నాయి. ఇరవై లీటర్ల క్యాను ఒక్కటి ఎనభై పావు లీటరు సీసాలకు సమానం. పెద్ద హోటళ్ళు కొన్ని తమ యంత్రంలో శుద్ధి చేసిన నీళ్ళను గాజు సీసాలలో నింపి ఇస్తున్నాయి. లక్షాధికారులు వచ్చే చోట అది మర్యాద అయినప్పుడు, ఇక్కడ స్టీలు గ్లాసు చిన్నతనం ఎట్లా అయింది?

ప్రవక్త (స) ఒక ముద్ నీళ్ళతో వజూ చేసుకునేవారని హదీసులలో ఉంది. రెండు చేతులు కలిపిన దోసెడు, లీటరుకు మించదు. మన వజూఖానా కొళాయి కింద బకెట్ పెట్టి, గడియారం చూసి కొలిచాం. నిమిషానికి ఆరు లీటర్లు! ఆ నీళ్ళలో నూనె లేదు, జిడ్డు లేదు. వేరే పైపు వేసి వేపచెట్ల వైపు, బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్ళించవచ్చు. వంటగది నీళ్ళు మాత్రం అందులో కలపకూడదు, జిడ్డుకు గుంత పూడిపోతుంది.

ఇక అద్దె. ట్యాంకరు నీళ్ళు, జనరేటరు డీజిలు, చెత్త మోయించే బండి, అన్నీ కలిసే కదా పెంచమంటున్నారు. ఈ హాలు చందాలతో కట్టింది పేదింటి నికాహ్ కోసం. అద్దె పెరిగితే లక్షల దావత్ చేసేవాడు వెనక్కి పోడు. ఆటో నడిపేవాడి కూతురి పెళ్ళే వీధిలోకి పోతుంది. ఒకరు పారేసిన దానికి ఇంకొకరు అద్దె కట్టడమన్నమాట.

ఐదువందల స్టీలు గ్లాసులు, జగ్గులు కొనడానికి చందా పుస్తకం తెచ్చాం. మొదటి పేరు మాదే రాశాం. కడిగే మనిషి కూలి దావత్ ఇచ్చేవారే ఇవ్వాలి, సంఘం మీద వేయవద్దు. అద్దె మాట ఈ పెళ్ళిళ్ళ కాలం గడిచాక, ఖర్చుల లెక్క ముందు పెట్టుకుని మళ్ళీ ఎత్తాలని సభను కోరుతున్నాం.