మేము ఇల్లు కొన్న వైనం

(బరంపురం తెలుగువారి ఉగాది సభలో చదివిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసింది. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అందరం విన్నాము. వ్యయమూ అవమానమూ స్వయంగా అనుభవించినవారి మాట కూడా కొంచెం వినిపిస్తే బాగుంటుందని కాబోలు, కార్యదర్శిగారు మమ్మల్ని మాట్లాడమన్నారు. మేము పండితులం కాము. ఒక పాత ఇల్లు కొని, బాగుచేయించుకొని, అందులో కాపురం ఉంటున్న దంపతులం. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు కొని చూడమని మాత్రం అనలేదు. అంత మాట శత్రువుకైనా చెప్పకూడదనుకున్నారేమో!

మా పెళ్లయిన 22 ఏళ్లలో అయిదు అద్దె ఇళ్లు మారాము. సొంత ఇల్లు ఎందుకు అమర్చుకోలేదని అడిగితే, ఎప్పటికైనా మన వైపు పోవలసినవాళ్లమే గదా అని మా పెద్దలు అనేవారు. ఆ "మన వైపు" ఎక్కడో వారికీ స్పష్టంగా తెలియదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మన గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉండేది. అంతకు ముందునుంచీ ఇక్కడే ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో. అటువంటివాళ్లం పెట్టె సర్దుకొని కూర్చోవడం ఎందుకని చివరకు మాకే అనిపించింది. ఇక్కడే ఇల్లు కొనాలని నిశ్చయించుకున్నాము.

2022 జనవరిలో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చింది. వెడల్పు 14 అడుగులు, పొడవు 90. వీధివైపు అరుగు, దాని వెనుక ఒకదాని తరువాత ఒకటిగా గదులు, చివర పెరడు, పెరట్లో నుయ్యి. రెండు పక్కలా ఇళ్లు ఆనుకొని ఉన్నాయి. పైన పెంకు. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాలపురం దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటినప్పుడు వెనుకవైపు పెంకు లేచిపోతే, అక్కడ రేకులు వేయించారట. ఇంటివారు తెలుగువారే. తండ్రి కాలం చేశాక ముగ్గురు అన్నదమ్ములూ విశాఖపట్నం, హైదరాబాదు చేరుకున్నారు. ధర 32 లక్షలకు కుదిరింది. 3 లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నాము. గడువు దాటితే బయానా పోతుంది. ఆ షరతు చదివి సంతకం పెట్టింది మేమే కనుక ఎవరినీ నిందించలేము.

చిక్కులు అక్కడినుంచి మొదలయ్యాయి. మొదటిది ఆడపడుచుల సంతకం. అన్నదమ్ములకు ఇద్దరు చెల్లెళ్లున్నారు. వాళ్లకు పెళ్లిళ్లు చేసి పంపేశామండీ, వాళ్ల సంతకాలతో పనేముంది అన్నారు వారు. మా ప్లీడరుగారు ఒప్పుకోలేదు. వీలునామా రాయకుండా తండ్రి పోతే ఆయన వాటాలో కూతుళ్లకు భాగం 1956 చట్టమే ఇచ్చింది. ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూడా కొడుకులతో సమానమైన హక్కు 2005 సవరణతో వచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, ఆనాటికి తండ్రి బతికి ఉండనక్కరలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆస్తి ఏ రకందైనా సరే, ఆ ఇద్దరూ సంతకం చేయనిదే కొనవద్దన్నారు ప్లీడరుగారు. కబురు పంపాము. పెద్దావిడ వెంటనే ఒప్పుకొంది. చిన్నావిడ వచ్చి, ఇల్లంతా ఒకసారి తిరిగి, తన పెళ్లిలో తొక్కిన సన్నికల్లు మాత్రం తనకు ఇప్పించమంది. అన్నల దగ్గర డబ్బు వాటా తీసుకొంది కూడా. రెండూ ఆమెకు న్యాయంగా చెందినవే.

రెండవ చిక్కు మన ఇంటిపేర్లది. 1931లో ఆ ఇల్లు కొన్న తాతగారి పేరు దస్తావేజులో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనుక ఉంది. తరువాత ఒడియాలో రాసిన పట్టాలో సొంత పేరు ముందు, ఇంటిపేరు చివర ఉన్నాయి. ఒక అక్షరం కూడా మారింది. వీరిద్దరూ ఒకరేనని రుజువేమిటి అన్నారు బ్యాంకువారు. అడిగిన ప్రశ్న సబబైనదే. దస్తావేజు తెలుగులో ఉంది. మా ప్లీడరుగారు ఒడియావారు, ఆయనకు తెలుగు రాదు. కాలేజీలో చదువుతున్న మా అబ్బాయికి ఇచ్చాము. వాడు తెలుగు చక్కగా మాట్లాడతాడు. కాగితం అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇది ఏ వైపునుంచి చదవాలి?" అన్నాడు. అందరం నవ్వాము. ఆ రాత్రి మాత్రం మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. మేమే అక్షరాలు కూడబలుక్కుని చదివే స్థితిలో ఉన్నాము, ఆ గొలుసుకట్టు రాత మాకూ కొరుకుడు పడలేదు.

చివరకు చదివింది మా పిల్లల నాయనమ్మ. ఆవిడకు అప్పటికి 81 ఏళ్లు. అయిదవ తరగతి వరకు ఈ ఊళ్లోనే తెలుగులో చదువుకొంది. కళ్లజోడు తుడుచుకొని, వేలితో వరుస వెంట వరుస చూపిస్తూ, గంటన్నరలో నాలుగు పేజీలూ చదివి వినిపించింది. మేము రాసుకున్నాము. తరువాత దానిని పద్ధతి ప్రకారం తర్జుమా చేయించి, పేరు విషయమై వారసులచేత అఫిడవిట్టు వేయించాము. బ్యాంకు 20 లక్షలు అప్పిచ్చింది. దాచుకున్నది 8 లక్షలు, బంగారం అమ్మగా వచ్చింది 4 లక్షలు. గడువు ఇంకా ఆరు రోజులుందనగా ఏప్రిల్‌లో రిజిస్టరయింది. స్త్రీ పేరున కొంటే ఈ రాష్ట్రంలో స్టాంపు సుంకం నూటికి 5 బదులు 4 కనుక, ఇల్లు ఇల్లాలి పేరునే పెట్టాము. 32,000 మిగిలాయి. మిగిలిన లాభం ఏమిటంటే, అప్పటినుంచి ఇంట్లో ఎవరి మాట చెల్లాలన్న చర్చ లేదు.

ఇక మరమ్మతు. 6 లక్షల్లో పూర్తవుతుందని అంచనా వేసుకున్నాము. పైకప్పు విప్పి చూస్తే 11 సాల దూలాల్లో మూడింటికి గోడలో దిగిన కొసలు చెదలు తినేసింది. పైకి నున్నగా ఉన్నాయి, సుత్తితో కొడితే డొల్ల చప్పుడు. మూడూ మార్పించాము. అది తప్పని ఖర్చు. తప్పించుకోగలిగిన ఖర్చు మరొకటి ఉంది. పాత గోడలు ఇటుకా సున్నమూ. పూత కూడా సున్నమే. మేము కుదుర్చుకున్న కాంట్రాక్టరు, సున్నం ఈ కాలంలో ఎవరు వాడతారండీ అని, పాత పూత కొట్టేసి సిమెంటు పూయించాడు. గోడ అద్దంలా వచ్చింది. చూసి మురిసిపోయాము. జూలైలో వానలు పట్టాయి. ఆగస్టుకల్లా నేలనుంచి మూడడుగుల ఎత్తున తెల్లటి ఉప్పు పొంగి, పూత పెచ్చులు పెచ్చులుగా ఊడింది. కాంట్రాక్టరు ఫోను ఎత్తడం మానేశాడు.

అప్పుడు ఒక ముసలి మేస్త్రీ దొరికాడు. గోడమీద అరచెయ్యి పెట్టి, "దీనికి ఊపిరి ఆడటం లేదు బాబూ" అన్నాడు. సంగతి ఆయన విడమరచి చెప్పాడు. నేలలోని తేమను పాత ఇటుక పైకి పీల్చుకుంటుంది. సున్నపు పూత అయితే ఆ తేమను మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. సిమెంటు దానిని లోపలే బిగించేస్తుంది. దారి లేని తేమ ఉప్పుతో సహా పూతను తన్నేస్తుంది. సిమెంటంతా చెక్కించాము. సున్నం తొట్టిలో మూడు వారాలు నానవేసి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక కలిపి, కొంచెం కరక్కాయ నీరు పోసి పూశాడు. సున్నం తొందరపడే సరుకు కాదు, గాలి పీల్చుకుంటూ నెమ్మదిగా గట్టిపడుతుంది. రోజూ నీళ్లు చిలకరిస్తూ కాచుకున్నాము. పైన ప్లాస్టిక్ రంగులు వద్దని వెల్ల వేయించాము. మొత్తం ఖర్చు 11 లక్షలయింది. పైబడ్డ దానికి చెల్లెలి దగ్గర చేబదులు తెచ్చుకున్నాము. అది ఇంకా కొంత తీర్చవలసి ఉంది. ఆవిడ ఈ సభలోనే ఉంది కనుక ఒప్పుకోక తప్పదు.

అసలు చెప్పదలచింది దక్షిణపు గోడ సంగతి. కొత్త దూలాలు ఆ గోడలోనే దిగాలి. పక్కింటి ఒడియా పెద్దమనిషి వచ్చి, ఆ గోడ మాది, దూలం పెట్టడానికి వీల్లేదు అన్నారు. ఆయన తండ్రి అలాగే చెప్పారట. పని ఆగిపోయింది. పైన కప్పు లేదు, వాన నెల దగ్గరపడుతోంది. కోర్టుకు పొమ్మని కొందరు సలహా ఇచ్చారు. నాయనమ్మే అంది, "ఆ కాగితంలో గోడ మాట ఉందిరా, చదివాను గదా!" తర్జుమా తీసి చూశాము. హద్దులు చెప్పే చోట దక్షిణపు గోడ ఇరువురికీ ఉమ్మడి అని ఉంది. కాగితం పట్టుకొని వారింటికి వెళ్లాము. ఆయన చదివి, కాసేపు ఊరుకొని, లోపలికి పోయి తమ ట్రంకు పెట్టెలోనుంచి ఒక దస్తావేజు తెచ్చారు. అదీ తెలుగులోనే ఉంది! వారి తాతగారు ఆ ఇల్లు కొన్నది ఒక తెలుగువారి దగ్గర. ఇన్నేళ్లుగా వారింట్లో ఎవరూ దానిని చదవలేకపోయారు. నాయనమ్మను వారి అరుగుమీద కూర్చోబెట్టి చదివించుకున్నారు. అందులోనూ అదే మాట. మరునాడే పని మొదలయింది. గోడ పైవరస బాగుచేయడానికి అయిన ఖర్చులో సగం ఆయనే ఇచ్చారు.

2023 మాఘమాసంలో గృహప్రవేశం చేశాము. పక్కింటివారే ముందుగా వచ్చారు. ఆ ఏటి వానలకు గోడ చెక్కు చెదరలేదు. వెనుకగది మూల ఒకచోట మాత్రం నీరు కారింది. ఇల్లన్నాక ఒక మూల ఏదో పని ఉంటూనే ఉంటుంది.

ఇప్పుడు సాయంత్రాలు మా అరుగుమీద నాయనమ్మ పాఠం చెబుతుంది. మా అబ్బాయి, అమ్మాయి, పక్కింటి మనుమరాలు కూర్చుంటారు. పాఠ్యపుస్తకం ఆ దస్తావేజు నకలే. మా అబ్బాయి ఇప్పటికి రెండు పేజీలు చదవగలడు. ఆవిడకు చూపు మందగిస్తోంది. మిగిలిన రెండు పేజీలూ ఈ ఏడు పూర్తి కావాలని మా తొందర.

మీలో ఎవరైనా పాత ఇల్లు కొనబోతే గోడకు సున్నమే పూయించండి, ఆడపిల్లల సంతకం తప్పక తీసుకోండి. కొనకపోయినా ఒక్క పని చేయండి. మీ ఇంట్లో అటకమీద పాత పెట్టె ఉంటే రేపే దింపండి. అందులో తెలుగు కాగితం ఉంటే, చదవగల పెద్దవారు ఉండగానే చదివించుకోండి. చదివేవారు మీ ఇంట్లో లేకపోతే మా అరుగుకు రండి. నాయనమ్మ సాయంత్రం అయిదు నుంచి ఏడు వరకు ఉంటుంది. కాఫీ మేమిస్తాము.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. సెలవు.