దస్తరములో దాగిన హంతకుడు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయములలో మిక్కిలి నలిగిన పుస్తకములు అపరాధ పరిశోధన నవలలు. పండితులు వానిని కాలక్షేపపు సరకని త్రోసివేయుదురు. కాని వానికాధారమైన ధర్మమొకటి కలదు: హతుడెవడైనను, హంతకుడెవడైనను సత్యము వెలికి రావలెను. మనుష్యులను రంగునుబట్టి వేరుచేసిన రాజ్యమున ఈ ధర్మమేమగును? జేమ్సు మెక్లూరు నవలలు దీనికి సమాధానము చెప్పుచున్నవి.

మెక్లూరు 1939లో జొహనెస్‌బర్గునందు జన్మించెను. దక్షిణాఫ్రికాలో పత్రికా విలేఖరిగా పనిచేసి 1965లో బ్రిటనుకు తరలిపోయెను. ఆయన తొలి నవల 'ది స్టీమ్ పిగ్' 1971లో వెలువడి, బ్రిటను అపరాధ రచయితల సంఘమువారి బంగారు బాకు బహుమానమును పొందెను. కథాస్థలమైన ట్రెక్కర్స్‌బర్గు కల్పితనగరము. దానికి మూలము నేటాలులోని పీటర్‌మారిట్జ్‌బర్గు. 1893లో గాంధీమహాత్ముని రైలునుండి దింపివేసిన ఊరదియే. 1860 మొదలు మదరాసు ఓడలలో కూలికై పోయిన తెలుగువారు చేరినదియు ఆ నేటాలునకే.

పరిశోధకులిద్దరు. లెఫ్టినెంటు క్రేమర్ తెల్లవాడు. సార్జెంటు జోండీ జులూ జాతివాడు. ఏకాంతమున వారు మిత్రులు. పదుగురెదుట యజమాని సేవకులవలె మెలగవలెను. తెల్లవాని జూచి నోళ్లు మూతపడు పేటలలో జోండీ సత్యమును రాబట్టును. జోండీకి ప్రవేశములేని యిండ్లలో క్రేమర్ ప్రశ్నించును. అట్టి రాజ్యమున ఒక్కని కన్ను సగము లోకమునే చూడగలదు.

థెరీసా లె రూ అను సంగీతోపాధ్యాయిని మరణించును. అది సహజమరణమని తలతురు. శవపరీక్షయందు సానబట్టిన సైకిలు చువ్వతో పొడిచిన సన్నని గాయము బయల్పడును. అది నల్లవారి పేటలలోని ముఠాల ఆయుధము. తెల్లని యువతికి ఈ చావేల? చిక్కు విప్పగా తేలినదేమన, ప్రభుత్వమువారు ఆమె కుటుంబమును తెల్లవారి పట్టికనుండి తొలగించి మిశ్రజాతిలో వ్రాసిరి. ఆమె ఆ వ్రాతను దాచి తెల్లదానివలె బ్రతుకుచుండెను.

1950 నాటి జనాభా నమోదు చట్టము ప్రతి మనిషికిని ఒక జాతిని నిర్ణయించెను. నివాసము, చదువు, వివాహము ఆ వ్రాతపై నాధారపడెను. లెక్కలు వ్రాయువారెరుగుదురు: దస్తరమున ఒక్క గడి మారినచో భూమి చేతులు మారును. అచట మారినది మనిషి బ్రతుకే. ముఖమదే, పియానోపై వ్రేళ్లవే. హక్కులు మాత్రము మాయమైనవి.

శూద్రకుని మృచ్ఛకటికమున న్యాయాధికారి రాజశ్యాలకుడైన శకారుని బెదిరింపునకు లొంగి అభియోగమును స్వీకరించును. సాక్ష్యములన్నియు నిర్దోషియైన చారుదత్తునిపైకి పోవును. అచట చారుదత్తుడు బ్రతికెను, రాజును మారెను. ట్రెక్కర్స్‌బర్గునందు దోషము ఒక్క రాజుది కాదు, చట్టముది. చువ్వ పట్టినవానిని పరిశోధకుడు పట్టుకొనగలడు. కలము పట్టినవానిని పట్టుకొనజాలడు. ఈ నవలల బలము ఈ నిస్సహాయతలోనే యున్నది.

క్రేమర్, జోండీల కథలు ఎనిమిది. చివరిదైన 'ది సాంగ్ డాగ్' 1991లో వెలువడెను. జనాభా నమోదు చట్టము రద్దయినదియు ఆ యేటనే. 1994లో అన్ని జాతులవారును కలిసి ఓటు వేసిరి.

ఆ రాజ్యమున గ్రంథాలయముల గడపలు సైతము రంగునుబట్టి వేరుపరుపబడియుండెను. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయపు చిట్టాలో మూడు గడులే కలవు: పాఠకుని పేరు, పుస్తకము పేరు, తేదీ. నాలుగవ గడిని ఎవరును ఎన్నడును గీయకుందురు గాక!