రెండు కళ్లకూ రెండు బొమ్మలు

టెక్కలి, నౌపడ, భావనపాడు ప్రాంతాల్లో పెళ్లిళ్లనూ పడవలనూ తుఫాను నష్టాలనూ ఫిలిం మీద నిలిపి, తమ పేరు ఎక్కడా వేసుకోకుండా వెళ్లిపోయిన ఫోటోగ్రాఫర్ల స్మృతికి ఈ ఉపన్యాసం అంకితం. ఒకప్పుడు స్టూడియోలకు 120 రోల్ ఫిలిం కెమెరాయే పెద్ద దిక్కు. అదే ఫిలిం మీద లోతు కనిపించే జంట బొమ్మలు తీసినవారూ ఉన్నారు. వాటిని చూడడానికి తయారైన పరికరాల చరిత్రే నేటి అంశం.

మనిషి కళ్ల మధ్య దూరం సుమారు ఆరున్నర సెంటీమీటర్లు. అందుకే ఎదుట ఉన్న వస్తువు ఒక్కో కంటికి కాస్త వేరుగా కనిపిస్తుంది. ఆ తేడా నుంచే మెదడు దగ్గరా దూరాలను పోల్చుకుంటుంది. 1838లో చార్లెస్ వీట్‌స్టన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ సంగతి వివరించాడు. రెండు అద్దాలతో ఒక్కో కంటికి ఒక్కో బొమ్మను చూపే తన స్టీరియోస్కోప్‌ను వర్ణించాడు. అప్పటికి ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి వెల్లడి కాలేదు. ఆయన వాడినవి గీతల బొమ్మలు. ఈ కళలో చూసే పరికరమే ముందు పుట్టింది, కెమెరా తర్వాత వచ్చింది.

1849లో డేవిడ్ బ్రూస్టర్ అద్దాల బదులు లెన్సులు పెట్టి, స్టీరియోస్కోప్‌ను చిన్న పెట్టెలో ఇమిడ్చాడు. 1851 లండన్ మహా ప్రదర్శనతో ఐరోపా అంతా దాని వెంట పడింది. 1861లో అమెరికా రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్ చేత్తో పట్టుకునే తేలికపాటి నమూనా చేసి, పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు. ఎవరైనా చేసి అమ్ముకోవచ్చు గనుక అది మామూలు ఇళ్లకూ చేరింది.

ఆ రోజుల్లో టెక్కలి, భావనపాడు ఉన్న ఈ తీరం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1856లో ఆ ప్రెసిడెన్సీ ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికాధికారిని తన ఫోటోగ్రాఫర్‌గా నియమించింది. 1858లో ఆయన మద్రాసు మ్యూజియంలోని అమరావతి శిల్పాలను ఫోటోలు తీశాడు. తిరుచిరాపల్లి, తంజావూరు, మదురై ప్రాంతాలను స్టీరియో జంటలుగా కూడా తీశాడు. అలాంటి జంట ఎంత భద్రంగా దాచినా, పక్కన స్టీరియోస్కోప్ లేకపోతే చూసేవారికి దక్కేది ఒకేలాంటి రెండు చదును బొమ్మలే.

ఇక 120 రోల్ ఫిలిం వాడే మీడియం ఫార్మాట్ సంగతి. 1921లో జర్మనీలోని ఫ్రాంకె అండ్ హైడెకె సంస్థ గాజు ప్లేట్ల మీద తీసే హైడోస్కోప్‌నూ, 1926లో రోల్ ఫిలింతో పనిచేసే రోలైడోస్కోప్‌నూ తెచ్చింది. 1950లలో లెనిన్‌గ్రాడ్ నుంచి స్పుత్నిక్ వచ్చింది. ఒక్క 120 రోల్ మీద అది ఆరు జంటలు తీస్తుంది.

స్పుత్నిక్ తీసే 6×6 సెంటీమీటర్ల సైజులో ఒక గొప్ప సౌలభ్యం ఉంది. 6×6 బొమ్మ అసలు వెడల్పు 56 మిల్లీమీటర్లు. కళ్ల మధ్య దూరం కన్నా అది కాస్త తక్కువ. కాబట్టి రెండు స్లైడ్లనూ పక్కపక్కన పెట్టి, ఒక్కో కంటి ముందు ఒక్కో లెన్సు పెడితే చాలు. వెనక పాలతెలుపు పలక, దాని వెనక వెలుతురు ఉండాలి. ఫిలిం మీది వైమానిక ఛాయాచిత్రాలు సాధారణంగా 23 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి కనుక వాటిని పూర్తిగా ఒకేసారి చూడాలంటే అద్దాల స్టీరియోస్కోప్ కావాలి. 1947 నాటి 35 ఎంఎం స్టీరియో రియలిస్ట్ బొమ్మలు మరీ చిన్నవి. వాటికన్నా 6×6 బొమ్మ వైశాల్యం ఐదు రెట్లకు మించే ఉంటుంది.

చూసే పరికరానికి, అంటే వ్యూయర్‌కు, లెన్సు ఎంచుకోవడంలోనే అసలు మెలకువ. స్పుత్నిక్ కెమెరా ఫోకల్ దూరం 75 మిల్లీమీటర్లు. వ్యూయర్ లెన్సు కూడా దాదాపు అంతే ఉంటే దృశ్యం సహజమైన నిష్పత్తిలో కనిపిస్తుంది. ఎక్కువైతే లోతు సాగినట్టూ, తక్కువైతే అణిగినట్టూ ఉంటుంది. రంగుల అంచులు రాకుండా రెండు గాజులు అతికించిన ఆక్రోమాటిక్ లెన్సులు వాడాలి.

వీట్‌స్టన్ సూత్రం తెలుగు నేల నుంచి అంతరిక్షానికీ వెళ్లింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన కార్టోశాట్-1లో రెండు కెమెరాలు అమర్చారు. ఒకటి 26 డిగ్రీలు ముందుకూ, మరొకటి 5 డిగ్రీలు వెనక్కూ వంగి, ఒకే నేలను జంట చిత్రాలుగా తీశాయి. భూమి ఎత్తుపల్లాల నమూనాలు వాటి నుంచే తయారయ్యాయి.

ఆకాశం నుంచి చేసిన పనిని నేల మీద నిలబడి చేయడం ఈ తీరంవారికి సాధ్యమే. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగాక ఈ తీరం రూపు మారుతోంది; దాన్ని జంట బొమ్మలుగా నిలపవచ్చు. నౌపడ ఉప్పు రాశులు కదలవు కాబట్టి వాటిని ఒకే కెమెరాతో, కాస్త పక్కకు జరిపి రెండుసార్లు తీయవచ్చు. అతి దగ్గరి వస్తువు రెండు మీటర్ల దూరంలో ఉంటే ఆరేడు సెంటీమీటర్లు జరిపితే సరిపోతుంది. అలలకూ పడవలకూ తేలినీలాపురానికి వచ్చే కొంగలకూ మాత్రం ఒకే క్షణంలో రెండు బొమ్మలు తీసే జంట లెన్సుల కెమెరా కావాలి. యువకులు ఈ పనికి పూనుకోవాలి. తీసిన ప్రతి జంటనూ తేదీతో, స్థలంతో ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. చూసేందుకు వ్యూయర్‌ను కూడా అక్కడే ఉంచండి.