వార్ధక్యమున ఎముకల వ్యాధులు
(మన సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులమే కాని వైద్యులము కాము. అయినను వైద్యుల నడిగి తెలిసికొన్న విషయములను మీకు విన్నవించుట మా విధి యని తలచితిమి.

తిరుత్తణి కొండకు 365 మెట్లు కలవు. 60 ఏండ్లు దాటిన పెద్దలు పలువురు "వాతము" అని చెప్పి క్రిందనే నిలిచిపోవుచున్నారు. ఈ ఒక్క మాట చాటున వేర్వేరు వ్యాధులుండవచ్చును. అవి ఒకే దేహమున కలసియు నుండవచ్చును.

మొదటిది కీళ్ల అరుగుదల. ఎముకల కొనలను కప్పియుండు మృదులాస్థి అరిగి మోకాలు నొచ్చును, బిగియును. రెండవది ఎముకలు గుల్లబారుట. తరచుగా ఎముక విరుగువరకు ఇది బయటపడదు. ముట్లుడిగిన స్త్రీలకు హెచ్చు. మూడవది డి విటమిను లోపముచే ఎముకలు మెత్తబడుట. ఇంత ఎండ కాయు సీమలో లోపమేమి యందురా? తిరుపతి శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2007లో ప్రకటించిన పరిశీలనలో, ఆరోగ్యవంతులలో సయితము ఈ లోపమును, ఆహారమున కాల్షియము కొరతయును విస్తారముగా కనబడినవి. నాల్గవది ఫ్లోరైడు నీటివలన కలుగునది. నాటి నెల్లూరు జిల్లాలో దీనిని 1937లో డాక్టరు షార్టు ప్రభృతులు వర్ణించిరి. ఎముక దట్టమైనను పెళుసుగా నుండును, వెన్ను బిగిసిపోవును. అట్టి గ్రామములనుండి వచ్చినవారు త్రాగిన నీటి సంగతి వైద్యునికి చెప్పవలెను.

ఇవి ఒకదానినొకటి పెంచును. మోకాలి నొప్పిచే వృద్ధురాలు ఇల్లు కదలదు. నడక లేక కండబలము, ఎండ లేక డి విటమిను తగ్గును. ఎముక గుల్లయగును. కాలు జారిన తుంటి విరుగును. అటుపిమ్మట పలువురు మునుపటివలె నడువజాలరు. కొందరు ఏడాది తిరుగకముందే గతించుచున్నారు.

ఒకటి మరియొకదానిని మరుగుపరచుటయు కలదు. వెన్నెముక అరిగినచోట పెరిగిన ఎముక, సాంద్రత పరీక్షలో ఎముక గట్టిగా నున్నట్లు చూపవచ్చును. నొప్పి మాత్రలు గుల్లబారిన ఎముకను నింపవు. పేరులేని పొట్లపు మందులలో స్టీరాయిడు కలసియున్నచో ఎముక మరింత క్షీణించును. ఇద్దరు ఋణదాతలుండగా ఒక్కరికే చెల్లించి నిశ్చింతగా నుండు వర్తకుడు కలడా?

మనకు భాషయు నొక చిక్కు. 1960 ఏప్రిలు 1న తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లా నుండి మదరాసు రాష్ట్రమున చేరినది. అంతకుముందు తెలుగు బడిలో చదివిన పెద్దలు తమిళము మాటాడినను చదువజాలరు. మనకు సలుపు వేరు, పోటు వేరు, తిమ్మిరి వేరు. ఆసుపత్రిలో వారు "వలి" యని ఒక్క మాట చెప్పి ఊరకుందురు. వైద్యుడు మోకాలికి మందిచ్చును. వెన్ను సంగతి మిగిలిపోవును.

కావున యువకులారా, తిరువళ్లూరు ఆసుపత్రికైనను, తిరుత్తణి ఆసుపత్రికైనను పెద్దలను ఒంటరిగా పంపకుడు. ఏ కీలు నొచ్చుచున్నది, వెన్ను వంగినదా, ఎత్తు తగ్గినదా, ఎన్నడైన పడిరా, వాడిన మందులేవి — ఇవి యన్నియు తమిళమున కాగితముపై వ్రాసి వెంట నడువుడు. ఇంట రాగిసంకటి, పెరుగు, నువ్వులు పెట్టుడు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించి కాల్షియము కలదు. కొంతసేపు ఎండలో నడిపింపుడు. స్నానపుగది తడి తుడిచి, రాత్రి దీపముంచుడు.

మన భాషను నిలిపినవారు ఈ పెద్దలే. వారిని నిలబెట్టుట మన వంతు.