గుణదల కొండ, మన కాళ్లు



మన చివ్వెంల నుండి బెజవాడ సుమారు 130 కిలోమీటర్లు. ఆ దూరం మనకొక లెక్క కాదు. గుణదలలో బస్సు దిగాక గుహలోని లూర్దుమాత వరకు ఉన్న మెట్లే కష్టం. 1924లో మాత స్వరూపాన్ని అక్కడ నిలిపిన ఆర్లాటి గురువుగారిది ఇటలీ దేశం. ఆ దేశపు దక్షిణాన మతేరా వంటి పాత ఊళ్లలో వీధులే మెట్లట!

ఒక ఏడు, కాళ్లు పడిపోయిన ఒక తల్లిని మేము నలుగురం కుర్చీలో మోసుకొని పోయాము. పుణ్యం చేశామనే అనుకున్నాము. పైకి చేరాక ఆమె, "నన్ను అడిగి ఎత్తుకోవద్దా నాయనా? జనమంతా నన్నే చూస్తుంటే జపమాల ఎట్లా సాగుతుంది?" అన్నది. మాకు సిగ్గేసింది. మరుసటి ఏడు ముందుగా అడిగాము. కింద గుడిలోనే ఉంటానన్నది. ఒక ముసలాయన మాత్రం ఎక్కి తీరుతానన్నాడు. నాలుగు మెట్లకొకసారి ఆగుతూ రెండు గంటలు ఎక్కాడు. ఆయనతో పాటు మేమూ కూర్చుంటూ, లేస్తూ ఎక్కాము. అంత తీరికగా ఆ కొండను మేమెన్నడూ చూడలేదు.

ఫిబ్రవరి 11 లూర్దుమాత పండుగ. రెండవ జాన్‌పాల్ పాపుగారు 1992లో ఆ దినాన్నే ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ఏర్పరచారు. 2004లో తామే నడవలేని స్థితిలో లూర్దుకు వెళ్లారు. అక్కడ రోగులకే ముందుచోటు.

ఈసారి తిరునాళ్ల రద్దీ తగ్గాక పోదాం. మడత కుర్చీలు, నీళ్లు, తోడు మనుషులు మా పూచీ. పేర్లు ఉపదేశిగారికి ఇవ్వండి. ఎక్కుతారో, కింద ఉంటారో మీరే చెప్పండి.